మంచినీళ్లు పుచ్చుకోని పాఠం

నూజెండ్ల మండలం,
9 ఏప్రిల్ 2025

అమ్మాయ్ సుకన్యా,

మీ రంగనాయకమ్మ అత్త చెబుతుంటే పక్కింటి శివరామయ్య మరిది రాస్తున్నాడు. పోస్టాఫీసులో చేసి రిటైరైనవాడు కాబట్టి దస్తూరీ బాగుంటుంది. మాటలు మాత్రం నావే. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మీ వాళ్లు నా మీద కాయితం రాసుకుపోయారు, నేనూ కాయితం మీదే జవాబు చెబుతాను. ఆశీర్వాదం చివర్లో. ముందు తగువు తేలాలి.

మొన్న సోమవారం ఝాన్సీలక్ష్మి అని ఒక మనిషి వచ్చింది. పిల్లల కమిటీ తరఫున ఇల్లు చూసిపోయే సోషల్ వర్కరునని చెప్పింది. మన యశస్విని ఎవరి దగ్గర పెరగాలో ఆ కమిటీ తేల్చాలట. నా కూతురు కన్నుమూసి నాలుగేళ్లయింది. అల్లుడు కిందటేడు లారీ కింద పడ్డాడు. అప్పటి నుంచి పిల్ల నా దగ్గరే ఉండి ఆరో తరగతి చదువుతోంది. ఇప్పుడు దాని బాబాయి యల్లమంద, ముసలామెకు చదువు రాదు, రేపు మంచాన పడితే పిల్ల గతేమిటి, మేం పెంచుకుంటామని అర్జీ పెట్టాడు. అన్న బతికుండగా ఆ పిల్లకు గౌను కూడా కొనిపెట్టని మనిషి.

వచ్చింది మిట్టమధ్యాహ్నం. బస్సు దిగి ఎండలో నడిచొచ్చినట్టుంది, మొహమంతా కందిపోయింది. కుర్చీ వేసి, కుండలో చల్లటి నీళ్లు ముంచి ఇచ్చాను. వద్దంది. మొహమాటపడుతోందని మజ్జిగలో ఉప్పూ కరివేపాకూ వేసి తెచ్చాను. "వద్దు మామ్మా, మేం పుచ్చుకోకూడదు" అంది. అని, సంచిలోంచి తన సీసా తీసి నా ఎదురుగానే గటగటా తాగింది.

నువ్వు ఇక్కడ పుట్టినదానివి. మన వైపు ఒకరి ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదంటే ఏమిటో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. పంచాయతీ ఎన్నికల్లో మీ నాన్న నిలబడితే, మా అమ్మాయిని ఇచ్చిన ఇల్లని కూడా చూడకుండా యల్లమంద వాళ్లు అవతలి పార్టీకి తిరిగారు. ఆ రోజు నుంచి వాళ్లింట్లో నేను గానీ, నా ఇంట్లో వాళ్లు గానీ చుక్క నీళ్లు ముట్టింది లేదు. అల్లుడి శవం లేచిన రోజు కూడా నేను వాళ్ల వాకిట్లో ఎండలో కూర్చుని ఏడ్చాను. నాలుక పిడచగట్టుకుపోయినా లేచి వచ్చి మన వీధి బోరింగు దగ్గర తాగాను.

అలాంటిది, ఈ ఝాన్సీలక్ష్మి నా చేతి నీళ్లు వద్దంటే నేనేమనుకోవాలి? యల్లమంద ఇంట్లో తాగి, వాళ్ల మనిషై వచ్చిందనుకున్నాను. ఇక ఆమె అడిగిన ఒక్క దానికీ జవాబు చెప్పలేదు. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, జ్వరమొస్తే ఎవరు చూపిస్తారు, అన్నీ అడిగింది. "ఏ ఇంట్లో తాగావో ఆ ఇంట్లోనే అడుక్కో పో" అన్నాను. ఆ మాట కూడా రాసుకుంది.

పోతూ పోతూ, "మాకు ట్రైనింగులో అట్లాగే చెప్పారు మామ్మా" అంది. నరసరావుపేటలో ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను ఏటా పోగేసి పాఠాలు చెప్పేది నువ్వే కదా. చదువు అయిపోయిందని ఊరుకుంటే ఈ పనికి పనికిరారు, కొత్తవి నేర్చుకుంటూనే ఉండాలని మీ నాన్న తద్దినానికి వచ్చినప్పుడు చెప్పావు. నేను మెచ్చుకున్నాను కూడా. ఇదా నేర్చుకునేది? ఏ బడుద్ధాయి చెప్పాడో కనుక్కుని చీవాట్లు పెట్టు. ఆ మనిషికి బుద్ధి చెప్పి మళ్లీ పంపు. నా పిల్ల నా దగ్గరే ఉండాలి. నేను అడిగేది అంతే.

గోంగూర పచ్చడి పంపుదామని జాడీ కట్టాను. నువ్వు కూడా పుచ్చుకోవేమో తెలియక ఆపాను. చల్లగా ఉండు.

రంగనాయకమ్మ
(వేలిముద్ర)


నరసరావుపేట,
17 ఏప్రిల్ 2025

అత్తయ్యా,

నమస్కారం. ఏ బడుద్ధాయి అని అడిగావు. నేనే. ఇంటికి వెళ్లినప్పుడు మంచినీళ్లు కూడా పుచ్చుకోవద్దన్న పాఠం రాసింది నేను, చెబుతున్నదీ నేను.

కారణం విను. నేను గురజాల వైపు పనిచేసేటప్పుడు నాతోపాటు ఒకావిడ ఉండేది. నాకంటే మంచి వర్కరు. ఒక బాబు తల్లి దగ్గర ఉండాలా, తండ్రి తరఫువాళ్ల దగ్గర ఉండాలా అన్న కేసులో తల్లి ఇంటికి వెళ్లింది. వాళ్లు బతిమాలితే కాదనలేక నాలుగు ముద్దలు తిన్నది. రిపోర్టు మాత్రం ఉన్నది ఉన్నట్టే రాసింది. విచారణ రోజు అవతలివాళ్లు లేచి, "ఈమె వాళ్లింట్లో కోడికూర తిన్న మనిషి" అన్నారు. ఆ తర్వాత ఆమె రాసిన నిజాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ బాబు వెళ్లకూడని ఇంటికి వెళ్లాడు. వాడికి ఏమైందో నీకు ఉత్తరంలో రాయలేను.

మన వైపు నీళ్లకు ఎంత అర్థముందో నాకు తెలుసు కాబట్టే ఆ పాఠం పెట్టాను. నీ ఇంట్లో తాగని ఝాన్సీ, పిల్ల బాబాయి యల్లమంద ఇంట్లో కూడా తాగి ఉండదు. ఆ ఒక్క మాట నమ్ము.

ఇంకొకటి. ఆమెతో నీ గురించి నేను ఒక్క మాట కూడా మాట్లాడలేను. నువ్వు నా మేనత్తవు కాబట్టే. ఆమె మళ్లీ వస్తుంది. అడిగినవాటికి జవాబు చెప్పు. పిల్లతో విడిగా మాట్లాడతానంటే మాట్లాడనివ్వు. తినమనీ తాగమనీ బలవంతం చేయకు.

పచ్చడి పంపు. మేనత్త ఇంటికి నా రూలు రాదు. మోకాలికి నేను పంపిన నూనె రాస్తున్నావా, లేక ఎవరికైనా ఇచ్చేశావా?

సుకన్య


నూజెండ్ల మండలం,
3 మే 2025

సుకన్యా,

నీ ఉత్తరం శివరామయ్య చదివి వినిపించాడు. ఆ బాబు సంగతి రెండుసార్లు చదివించుకున్నాను. అయినా బడుద్ధాయి అన్న మాట వెనక్కి తీసుకోను. నూనె శివరామయ్య భార్యకు ఇచ్చాను, ఆమె మోకాలు నా మోకాలికంటే అధ్వానం.

బుధవారం ఆ మనిషి మళ్లీ వచ్చింది. ముందు రోజు ఫోన్ చేసి చెప్పింది కాబట్టి నువ్వు రాసిందంతా తు.చ. తప్పకుండా చేశాను. బలవంతం చేయొద్దన్నావు. ఎదురుగా నీళ్లుంటే, ఎండన పడి వచ్చిన మనిషిని చూసి నా చెయ్యి ఊరుకోదు. అందుకని పొద్దున్నే కుండ తీసి బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను. నీళ్ల క్యాను మంచం కిందకి తోసి దుప్పటి అంచు కిందకి లాగాను. ఫ్రిజ్జులో సీసాలు శివరామయ్య ఇంటికి పంపాను. చెంబులూ గ్లాసులూ అటకెక్కించాను. ఇంట్లో చుక్క నీరు కనపడితే ఒట్టు. పిల్ల, "నాకు దాహమేస్తే ఎట్లా అమ్మమ్మా?" అంది. ఆమె పోయాక తాగుదువులే అన్నాను.

వచ్చింది, కూర్చుంది. ఒకసారి ఇల్లంతా కలయజూసింది. నేను చేతులు కట్టుకుని కూర్చుని, రమ్మనీ పొమ్మనీ అనకుండా అడిగినవాటికి జవాబు చెప్పాను. పిల్ల నా పక్కనే పడుకుంటుందని, జ్వరమొస్తే వినుకొండ తీసుకెళ్తానని, ఆటో అబ్బాయి నంబరు గోడ మీద రాసి ఉందని, లెక్కలు శివరామయ్య చెబుతాడని, అన్నీ. మధ్యలో పిల్ల దాహమంటే కళ్లతోనే ఆగమన్నాను. ఎంత మర్యాదగా ఉన్నానంటే నాకే ఆశ్చర్యమేసింది.

అప్పుడు నన్ను బయటకు పొమ్మంది. నా ఇంట్లోంచి నన్ను. పిల్లతో ఒంటరిగా మాట్లాడాలట. నీ మాట గుర్తొచ్చి నోరు మూసుకుని లేచాను. గుమ్మం దగ్గర నిలబడితే చెవి పెట్టి వింటోందని రాసుకుంటుంది. అందుకని పెరట్లో రోలు దగ్గరకు పోయి మిరపకాయలు వేసుకుని దంచాను. ఎంత గట్టిగా దంచితే అంత వినపడదు కదా. ఏడాదికి సరిపడా కారం ఆ పూటే అయిపోయింది. చేతులు బొబ్బలెక్కాయి.

ఆమె పోయాక చూస్తే పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఏమడిగిందే?" అన్నాను. "నా ఇష్టముంటేనే చెప్పొచ్చంట అమ్మమ్మా" అంది. ఇష్టమా అంటే తల దించుకుంది. నా దగ్గర చెప్పకూడని మాట ఒకటి ఆ పిల్ల కడుపులో ఉందని నాకు మొన్నటిదాకా తెలియదు. అన్నం కలిపి పెడుతుంటే కూడా అదే చూస్తున్నాను, ఆ మాట ఎక్కడుందా అని.

నువ్వు కనుక్కుని రాయి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ఉంటానందా, పోతానందా. ఒక్క ముక్క చాలు. పచ్చడి బస్సు డ్రైవరుకిచ్చి పంపాను, జాడీ తిరిగి పంపు.

రంగనాయకమ్మ
(వేలిముద్ర)


నరసరావుపేట,
10 మే 2025

అత్తయ్యా,

ఆ ఒక్క ముక్క నాకు తెలియదు. తెలిసినా రాయను. పిల్ల చెప్పిన మాట పిల్లదే. తనంతట తను చెప్పేదాకా నువ్వూ అడగకు. నా మీద కోపమొస్తుందని తెలిసే రాస్తున్నాను.

19వ తేదీ నుంచి వారం రోజులు ఇక్కడ తరగతులు. జిల్లాలో పనిచేసేవాళ్లందరూ వస్తారు, ఝాన్సీతో సహా. ఆ వారం ఉత్తరాలకు జవాబు రాయలేను. జాడీ ఖాళీ కాలేదు, అయ్యాక పంపుతాను.

సుకన్య


నూజెండ్ల మండలం,
16 మే 2025

సుకన్యా,

కమిటీ నుంచి కాయితం వచ్చింది. జూన్ 9న తేలుస్తారట. ఝాన్సీలక్ష్మి రాసిన రిపోర్టు కూడా జతచేశారు. శివరామయ్య చదువుతుంటే విన్నాను. నువ్వూ విను.

"ఇంట్లో తాగునీటి సదుపాయం కనిపించలేదు. బాలిక దాహం వేస్తోందని చెప్పినా నీళ్లు ఇచ్చే ప్రయత్నం జరగలేదు. వచ్చినవారిని పలకరించే వాతావరణం లేదు. బాలికతో మాట్లాడుతున్నంతసేపూ వృద్ధురాలు కోపంగా రోకలి శబ్దం చేశారు." కింద ఇంకో ముక్క. యల్లమంద ఇంట్లో నీళ్లు శుద్ధిచేసే మిషను ఉందట.

శివరామయ్య రోకలి దగ్గర నవ్వాడు. నేను మూలనున్న రోకలి చూపించాను, మానుకున్నాడు.

నీళ్లు లేని ఇల్లా నాది? ఎండాకాలం ట్యాంకరు రాకపోతే ఈ వీధి మొత్తం నా గుమ్మంలోకే బిందెలు పట్టుకొస్తుంది. నేను మొదటిసారి నీళ్లిస్తే తప్పయింది. రెండోసారి నీ మాట విని ఇవ్వకపోతే తప్పయింది. మూడోసారి వచ్చేలోపు నా పిల్ల ఆ మిషను ఉన్న ఇంట్లో ఉంటుంది. ఆ రిపోర్టు రాసింది ఝాన్సీలక్ష్మి అయినా, రాయించింది నీ పాఠం.

నువ్వు ఆమెతో మాట్లాడలేవు, సరే. నేను మాట్లాడగలను. సోమవారం మీ తరగతులు ఏ వీధిలోనో శివరామయ్య కనుక్కున్నాడు. వస్తున్నాను. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే ఒక కుర్చీ వేయించు.

రంగనాయకమ్మ
(వేలిముద్ర)


నరసరావుపేట,
25 మే 2025

అత్తయ్యా,

ఉత్తరం నీకంటే ఒక రోజు ఆలస్యంగా చేరింది. కుర్చీ వేయించలేకపోయాను.

ఆటో అబ్బాయి చేత నీళ్ల క్యాను మోయించుకుని నువ్వు హాలులోకి వచ్చినప్పుడు, ఏదో ఆఫీసు సరుకనుకుని అందరూ దారి ఇచ్చారు. దాన్ని నా బల్ల మీద పెట్టించి, "ఇయ్యి మా ఇంటి నీళ్లు. ఉన్నయ్యో లేవో కళ్లారా చూసుకోండి. తాగేవాళ్లుంటే తాగండి" అన్నావు. ముప్పైమంది నా మొహం చూశారు. అంతకు కాసేపటి ముందే వాళ్లకు ఆ పాఠం చెప్పి ఉన్నాను. నువ్వు పట్టి ఇచ్చిన గ్లాసు నేను అందుకోలేదు. నువ్వు చూసిన చూపు నాకు ఇంకా గుచ్చుకుంటోంది. బయటికి వచ్చి నేను ఇచ్చిన నీళ్లు నువ్వు ముట్టుకోకుండా మెట్లు దిగిపోయావు. నా చిన్నప్పుడు జ్వరమొస్తే చెంచాతో నీళ్లు పట్టించిన మనిషివి.

నువ్వు వెళ్లాక జరిగింది నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఝాన్సీ లేచి నిలబడి, ఆ క్యాను ఇంట్లోనే ఉండి ఉంటే తను ఎందుకు చూడలేదని తనను తానే అడిగింది. నీళ్లున్నాయా అని నోటితో అడగలేదని, కనిపించనిది లేదని రాశానని అందరి ముందూ ఒప్పుకుంది. ఆ రోజు నేను చెప్పాల్సిన మిగతా పాఠాలన్నీ ఆగిపోయాయి. మాచర్ల నుంచి వచ్చినాయన, తాము గుమ్మం బయటే నిలబడి అడిగేసి వస్తామని, ఈ గొడవే ఉండదని అన్నాడు. బయట నిలబడితే లోపల మంచం కింద ఏముందో ఎలా తెలుస్తుందని ఇంకొకామె అడిగింది. సాయంత్రం దాకా కొట్టుకున్నారు.

చివరికి ఝాన్సీ ఒక మాట చెప్పింది. ఆ రూలుకు ఒక్కటే కారణమని ఇన్నేళ్లుగా నేను చెబుతూ వచ్చాను. ఆమెకు ఇంకో కారణం ఉంది. అది నాకెప్పుడూ తట్టలేదు. ఆమె మాట కాబట్టి, నీకు చెప్పాలో వద్దో ఆమే చూసుకుంటుంది.

నేను మాత్రం ఒక పని చేశాను. మీరు చూస్తున్న కేసులో రంగనాయకమ్మ గారు నా మేనత్త, కాబట్టి ఆ ఫైలుతో నాకు ఏ సంబంధమూ ఉండకూడదని అధికారికి రాసిచ్చాను. ముందే ఇవ్వాల్సింది.

నీ క్యాను సాయంత్రం దాకా బల్ల మీదే ఉంది. వాచ్‌మన్ ఇంటికి పట్టుకెళ్లాడు. నీళ్లు బాగున్నాయన్నాడు.

సుకన్య


నూజెండ్ల మండలం,
5 జూన్ 2025

సుకన్యా,

అత్తనని రాసి, అందుకని సంబంధం లేదని కూడా రాస్తావా? ఏ ఊరి లెక్క ఇది? శివరామయ్యకు తెలుసేమో అడిగాను. అది నా మంచికేనంటాడు. ఉంటే ఉండనీ. నేను నీ నీళ్లు ముట్టకపోవడం కూడా నీ మంచికేననుకో.

నిన్న ఝాన్సీలక్ష్మి వచ్చింది. ఈసారి ఫోన్ చేయలేదు. క్యాను గడప పక్కనే ఉంది. దాచలేదు, ఇవ్వనూ లేదు. లేచి నిలబడను కూడా లేదు. ఆమె క్యాను చూసింది, వంటింట్లో కుండ చూసింది, ఫ్రిజ్జు తలుపు తీయొచ్చా అని అడిగి తీసింది. రాసుకుంది. రోలు కూడా చూసి, ఎందుకు దంచారని అడిగింది. "నీ మాటలు నాకు వినపడకూడదనే" అన్నాను. కలం ఆపి నా వంక చూసింది. అది కూడా రాసుకుంది.

తర్వాత పుస్తకం మూసి సంచిలో పెట్టుకుని, ఒక మాట చెప్పాలంది.

"మీ మేనకోడలు గారు చెప్పే కారణం నిజమే మామ్మా. నాది వేరే. చిన్నప్పుడు మా అమ్మతో కూలికి పోతే, మాకు నీళ్లిచ్చే గ్లాసు చూరులో విడిగా ఉండేది. ఇప్పుడు ఉద్యోగంతో పోతే స్టీలు గ్లాసే తెస్తారు. నేను లేచిపోయాక దాన్ని ఏం చేస్తారో కొన్ని ఇళ్లల్లో నాకు తెలుసు. తాగకూడదని రూలుంటే ఇయ్యేవీ చూడక్కర్లేదు. అందుకని చానా గట్టిగా పట్టుకున్నా ఆ రూలును."

"నేను నీకు తెచ్చింది నా మనవరాలు తాగే గ్లాసు" అన్నాను.

"నాకెట్లా తెలుస్తది మామ్మా?" అంది.

నిజమే, ఆమెకెట్లా తెలుస్తుంది. గ్లాసు మీద రాసి ఉండదు కదా.

అప్పుడు సంచిలోంచి తన సీసా తీసి మూత తిప్పి నా ముందు పెట్టింది. "నేను పుచ్చుకోకూడదు. ఇవ్వకూడదని మాకెవరూ చెప్పలా. తాగుతారా?"

గుమ్మంలో శివరామయ్య ఉన్నాడు. వీధిలో ముగ్గురు ఆడవాళ్లు బిందెలు దించి చూస్తున్నారు. ఆ సీసా నన్ను ఏమడుగుతోందో నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. శివరామయ్య దగ్గాడు. ఈ వాక్యం రాయడం ఇష్టం లేక ఇప్పుడు కూడా దగ్గుతున్నాడు, రాయమంటున్నాను.

అందుకుని తాగాను. పైకెత్తి పోసుకోలేదు. మూతి పెట్టి తాగాను, అందరూ చూసేట్టు సీసా సగం చేశాను. నీళ్లు వేడిగా ఉన్నాయి, ప్లాస్టిక్ కంపు కొడుతున్నాయి. ఇంత చెత్త నీళ్లు ఈ మధ్య తాగలేదని ఆమెకే చెప్పాను. నవ్వి సీసా తీసుకుని, మిగతా సగం నా ముందే తాగింది. ఆమె కూడా మూతి పెట్టే తాగింది.

పోతూ నా తరఫున రాస్తానని చెప్పలేదు. నేను అడగనూ లేదు. యల్లమంద ఇంటికి కూడా ఇంకోసారి పోవాలంది. పొమ్మన్నాను. ఏం రాసినా చూసి రాసే మనిషని తెలిసింది, చాలు.

తొమ్మిదో తారీఖున పిల్లను తీసుకుని నేనే వస్తాను. నువ్వు ఆ దరిదాపుల్లో కనపడకు. కనపడితే మళ్లీ దానికేదో కాయితం రాసివ్వాల్సి వస్తుంది నువ్వు.

రంగనాయకమ్మ
(వేలిముద్ర)


నూజెండ్ల మండలం,
14 జూలై 2025

సుకన్యా,

ఆశీర్వాదం. ఈసారి ముందే ఇస్తున్నాను.

ఆర్డరు వచ్చింది. పిల్ల నా దగ్గరే. మొదటి వాక్యం అది. శివరామయ్యను మళ్లీ మళ్లీ చదవమన్నాను. పక్కింట్లోంచి వాళ్లావిడ వచ్చి, ఇక చాలు, మా ఆయన గొంతు పోతుంది అనేదాకా చదివించాను. వీధంతా మజ్జిగ పోశాను. పుచ్చుకోనన్నవాళ్లు ఎవరూ లేరు.

రెండో వాక్యం అప్పుడు వినపడింది. ప్రతి నెలా రెండో శనివారం, దసరా సెలవుల్లోనూ పిల్ల బాబాయి ఇంట్లో ఉండాలట. "బాలిక కోరిక మేరకు" అని ఉంది.

పిల్లను పిలిచాను. నువ్వే అడిగావా అన్నాను. గోడకు ఆనుకుని నిలబడి, "నాన్న మంచం అక్కడే ఉంది అమ్మమ్మా. దాని మీద ఒకసారి పడుకోవాలని చెప్పా. నువ్వు పంపించవని చెప్పలా నీకు" అంది.

పంపేదాన్ని కాదు. ఆ రోజు నన్ను గదిలో కూర్చోబెట్టి అడిగి ఉంటే పిల్ల నా మొహం చూసి, ఏమీ వద్దని చెప్పి ఉండేది. నేను సంతోషించి ఉండేదాన్ని. మనిషిని బయటకు పంపి పిల్లను అడగమన్న పాఠం ఎవరు రాశారో నాకు తెలియదు గానీ, దాని జోలికి మాత్రం పోవద్దు. అట్లాగే ఉంచు.

నీళ్ల పాఠం మాత్రం దిద్దు. పుచ్చుకోవద్దని చెప్పుకో, నీ గురజాల బాబు కోసం ఒప్పుకుంటాను. ఎందుకు పుచ్చుకోరో ఇంటివాళ్లకు గుమ్మంలోనే చెప్పమను. తమ సీసాలో నీళ్లు ఇంటివాళ్లకు ఇవ్వమను. తాగితే తాగుతారు, లేకపోతే వాళ్లెట్లాంటివాళ్లో నాలుగు పేజీలు రాసే పని తప్పుతుంది. వచ్చే ఏడు తరగతులకు నన్ను పిలిస్తే వస్తాను. పిలవకపోయినా వస్తాను.

మొన్న రెండో శనివారం పిల్లను నేనే తీసుకెళ్లాను. ఆటో అబ్బాయి చేత పంపమని శివరామయ్య అన్నాడు. నా పిల్లను ఒక గడప దాటించాలంటే నేనే దాటిస్తాను. ఎన్నికల తర్వాత ఆ వీధిలోకి అడుగుపెట్టడం అల్లుడు పోయినప్పుడు ఒకసారి, మళ్లీ ఇప్పుడు. వీధి వీధంతా అరుగుల మీద కూర్చుని ఉంది. మేం వస్తున్నామని వాళ్లకెవరు చెప్పారో.

పిల్ల నా చెయ్యి వదిలి లోపలికి పరుగెత్తింది. యల్లమంద భుజం మీద తుండు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వాడి భార్య ధనమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు నిలబడింది. తెల్లారి తోమినట్టుంది, చెంబు మెరుస్తోంది. చెంబు చాచి అరుగుల వంకే చూస్తోంది. ఇస్తే అత్త ఏమంటుందోనని కాదు, ఇవ్వకపోతే వీధి ఏమంటుందోనని.

మీ నాన్న ఓడిన రోజు మన వాకిట్లో పడుకుని అన్నం ముట్టని సంగతి నేను మరిచిపోలేదు. ఆ చెంబు అందుకుంటే ఆయన్ను ఇంకోసారి ఓడించినట్టే. అందుకోకపోతే లోపల మంచం మీద కూర్చున్న పిల్లకు ఆ ఇంటి నీళ్లు గొంతు దిగవు. నాకు నీ మనిషి ఝాన్సీలక్ష్మి గుర్తొచ్చింది.

"నేను పని మీద వచ్చా ధనమ్మా" అన్నాను. "పని మీద వచ్చినోళ్లు పుచ్చుకోకూడదు. రూలు."

"నీకేం ఉద్యోగం అత్తా?" అన్నాడు యల్లమంద.

"కమిటీ ఆర్డరు అమలు చేసేది నేను కాకపోతే ఎవరు? నువ్వా? నెలనెలా నా డ్యూటీ ఇది."

అరుగుల మీద ఎవరో నవ్వారు. యల్లమంద కూడా తుండు అడ్డం పెట్టుకున్నాడు గానీ, భుజాలు కదిలాయి.

సంచిలోంచి సీసా తీశాను. వినుకొండ బస్టాండులో కొన్నదే, ఝాన్సీలక్ష్మి దగ్గరున్నదాని లాంటిది. మా ఇంటి కుండలో నీళ్లు నింపుకుని వెళ్లాను. మూత తిప్పి ధనమ్మ ముందు పెట్టాను. "పుచ్చుకోకూడదన్నారు గానీ ఇవ్వకూడదనలా. తాగుతావా?"

మొగుడి వంక చూసింది. వాడు తుండు వంక చూసుకున్నాడు. చెంబు కింద పెట్టి సీసా అందుకుంది. తాగింది.

పైకెత్తి పోసుకుంది. సగం నీళ్లు జాకెట్టు మీద పోసుకుంది గానీ మూతి మాత్రం పెట్టలేదు. పోనీ. వచ్చే నెల కూడా రెండో శనివారం ఉంటుంది కదా.

నా జాడీ ఖాళీ అయి ఉంటుంది. తీసుకుని నువ్వే రా. వచ్చేటప్పుడు సీసా తెచ్చుకో, నీది నేను తాగుతాను. నా కుండలోవి తాగాలో వద్దో నువ్వు పని మీద వచ్చావా, నా మేనకోడలిగా వచ్చావా చూసుకుని గుమ్మంలోనే చెప్పు.

రంగనాయకమ్మ
(వేలిముద్ర)